ఒక్క పేరు తగ్గితే రూ.15 వేలు పోయినట్టే

సర్కారు ప్రైమరీ స్కూల్ హెడ్‌మాస్టర్‌ను కదిపితే ముందు వచ్చేది నిధుల మాటే. సమగ్ర శిక్ష కింద ఏటా ఇచ్చే స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు రూ.10 వేలు, 31 నుంచి 100 వరకు రూ.25 వేలు. అంటే 31 మందిలో ఒక్కరు తగ్గినా రూ.15 వేలు పోయినట్టే. పిల్లలు తక్కువున్న ఉర్దూ మీడియం బడులకు ఈ లెక్క మరీ ముఖ్యం. చాక్‌పీసులు, కరెంటు బిల్లు, చిన్న రిపేర్లు ఇందులోంచే. కనీసం 10 శాతం పరిశుభ్రతకు పెట్టాలి.

అయితే ఈ ఖర్చు హెడ్‌మాస్టర్ ఒక్కరి ఇష్టం కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో 75 శాతం తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడటం వాళ్ల బాధ్యత. మంచి హెడ్‌మాస్టర్ లెక్క దాచరు, అందరి ముందు పెడతారు. మీటింగుకు పిలిస్తే వెళ్లండి. పిలవకపోతే ఎప్పుడని అడగండి.