పసుపు గుడ్డ పడితే... శిక్ష కావాలా, వద్దా?

మన క్యాంపుల్లో ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదే. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ వేరు. అందులో బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. తప్పు కనబడితే అధికారి పసుపు గుడ్డ విసురుతాడు. తప్పును బట్టి సాధారణంగా 5, 10 లేదా 15 గజాల శిక్ష.

విశేషమేమిటంటే, చాలా తప్పులకు శిక్ష వద్దనే హక్కు కూడా నష్టపోయిన జట్టుకే ఉంది. ఉదాహరణకు అది మూడో ప్రయత్నం, ఇంకా 8 గజాలు కావాలి. ఎదుటి ఆటగాణ్ణి అక్రమంగా పట్టుకుని కూడా 3 గజాలే సాధించారు. ప్రత్యర్థి కోచ్ శిక్ష కావాలంటే వాళ్లు 10 గజాలు వెనక్కి పోతారు. కానీ మూడో ప్రయత్నం మళ్లీ దక్కుతుంది. వద్దంటే మిగిలేది చివరి ప్రయత్నమే, ఇంకా 5 గజాలు కావాలి. అప్పుడు చాలాసార్లు బంతిని దూరంగా తన్ని వదులుకుంటారు. అందుకే ఇలాంటి చోట కోచ్ తరచుగా వద్దనే అంటాడు.

సెలవు రోజున టీవీలో ఆ ఆట వస్తే, గుడ్డ పడగానే మీరే కోచ్ అనుకుని లెక్కేసి చూడండి.