ఒక్క గది ఇంట్లో పాట రికార్డు చేయాలంటే ఏ మైక్ కొనాలి?

ఏప్రిల్ 14 దగ్గరపడుతుంటే పాతబస్తీ పాటగాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: ఏ మైక్ కొనాలి? ఉప్పుగూడ, ఛత్రినాక, చాంద్రాయణగుట్ట వైపు బస్తీల్లో అంబేడ్కర్ జయంతికి కొత్త పాట కట్టేవాళ్ల దగ్గర ఇప్పుడు ఫోన్ ఉంది, యూట్యూబ్ ఛానల్ ఉంది. లేనిదల్లా స్టూడియో. గంటకింత అని అద్దె కట్టి పాడితే ధ్యాస పాట మీద కన్నా గడియారం మీదే ఉంటుంది. అందుకే తలా కొంత వేసుకుని సొంత మైక్ కొనుక్కుంటారు. ఆ డబ్బు చాలాసార్లు వాళ్ల గదికి పనికిరాని మైక్ మీద ఖర్చవుతుంది.

కారణం ఉంది. మైక్‌ల గురించి వీడియోల్లో చెప్పేవాళ్లు చాలామంది వినేవాళ్లకు ఒక ఖాళీ గది ఉందనుకునే మాట్లాడతారు. తలుపు వేస్తే ఎవరూ రాని, గోడలకు ఫోమ్ అంటించిన, వీధికి దూరంగా ఉన్న గది అది. అక్కడే వండుకుని, అక్కడే పడుకుని, పిల్లలు అక్కడే చదువుకునే ఒక్క గది ఇంటికి ఆ సలహా అతకదు. పైన రేకులు, తిరుగుతున్న ఫ్యాన్, సందులో ఆటోలు, పక్కింటి టీవీ, అయిదు పూటలా అజాన్, ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాల సౌండ్ బాక్సులు. వీటిలో దేన్నీ ఆపమని ఎవరినీ అడగలేం, అడగాల్సిన పనీ లేదు. ఎవరికి ఎంత జాగా దక్కాలో కులం తేల్చిన చోట, నిశ్శబ్దమైన గది కూడా కొందరికే ఉంటుంది. కాబట్టి మైక్ ఎంపిక ఆ గది నుంచే మొదలుపెట్టాలి.

మైక్‌లలో మనకు కావలసినవి రెండు రకాలు. కండెన్సర్ మైక్‌లో ఒక పలుచని పొర, దాని వెనక ఒక లోహపు పలక ఉంటాయి. గాలి కదలికకు పొర ఊగితే రెండింటి మధ్య దూరం మారి, ఆ మార్పు కరెంటు సంకేతం అవుతుంది. దీనికి బయటి నుంచి సాధారణంగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వాలి. పొర చాలా తేలిక కనుక ఊపిరి తీసిన చప్పుడు, పెదవి తడి కూడా దొరుకుతాయి. డైనమిక్ మైక్‌లో పొరకు ఒక తీగచుట్ట అంటించి ఉంటుంది. అది అయస్కాంతం మధ్య కదిలి కరెంటు పుట్టిస్తుంది, స్పీకర్ పని చేసే పద్ధతికి ఇది తిరగేసిన రూపం. బరువు ఎక్కువ కాబట్టి సన్నని వివరాలు కొంత తగ్గుతాయి. కింద పడినా, ఉక్కపోతలో ఉన్నా తట్టుకుంటుంది. సభల్లో అందరి చేతుల్లో కనిపించే షూర్ ఎస్ఎం58 ఈ జాతిదే. 1966లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది.

ఒక్క గది ఇంటికి నేను డైనమిక్ మైకే కొనమంటాను. అయితే దుకాణాల్లో చెప్పినట్టు అది బయటి చప్పుడును గుర్తుపట్టి ఆపేస్తుందని కాదు. ఏ మైక్‌కూ ఆ తెలివి లేదు. అసలు కిటుకు దూరంలో ఉంది. నోటికీ మైక్‌కూ మధ్య దూరం సగమైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, సందులోని ఆటో మాత్రం ఎంత ఉందో అంతే ఉంటుంది. 20 సెంటీమీటర్ల నుంచి 5కు వస్తే 12 డెసిబెల్స్ తేడా. పెదవులకు అంత దగ్గరగా పెట్టుకుని పాడటానికే తయారైన మైక్ ఎస్ఎం58. కండెన్సర్‌ను అంత దగ్గర పెడితే ప, బ, భ అన్నప్పుడల్లా గాలి తగిలి పేలుతుంది. దగ్గరైన కొద్దీ గొంతులో బొంగురు కూడా పెరుగుతుంది, అందుకని 80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని సాఫ్ట్‌వేర్‌లో కోసేయాలి. ఫ్యాన్ గురగుర కూడా దానితో కొంత పోతుంది.

మైక్ ఎటు తిరిగి ఉందో కూడా ముఖ్యం. కార్డియాయిడ్ అని రాసి ఉన్న మైక్ ముందు నుంచి బాగా వింటుంది, వెనక నుంచి చాలా తక్కువ. కాబట్టి మైక్ వీపు వీధి కిటికీ వైపు ఉండాలి, పాడేవాళ్లు కిటికీకి ఎదురుగా నిలబడాలి. అప్పుడు మైక్ ముఖం చూసేది గాయకుడి వెనక గోడను. ఇంట్లో ఉన్న బొంతలు, రజాయిలు ఆ గోడకే తగిలించండి. గుడ్ల అట్టలు అంటిస్తే శబ్దం ఆగుతుందన్న మాట నమ్మకండి, అవి వీధి చప్పుడును ఆపవు.

ఇక గొంతు సంగతి. మన పాట పుట్టింది స్టూడియోలో కాదు. చిందు భాగవతులు రాత్రంతా ఊరి ముందు మైకు లేకుండా ఆడి పాడారు. ఇదే హైదరాబాద్‌లో 1906లో జగన్ మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ మాల, మాదిగ వాడల్లో హరికథలు చెప్పించింది కూడా లౌడ్‌స్పీకర్లు రాకముందే. డప్పు మోతను దాటి చివరి మనిషికి వినిపించాలి కాబట్టి ఆ గొంతు తెరుచుకుని, పై స్థాయిలో ఉంటుంది. చవక కండెన్సర్లు చాలావాటిలో పై శబ్దాలను కావాలనే ఎక్కువ చేసి ఉంచుతారు, గుసగుసలాడినట్టు పాడే సినిమా పాటకు అది మెరుపునిస్తుంది. మన గొంతుకు అదే కీచుదనం అవుతుంది. అప్పుడు తప్పు గొంతుదని అంటారు, ‘కొంచెం మెల్లగా, సాఫ్ట్‌గా పాడమ్మా’ అని సలహా ఇస్తారు. మార్చవలసింది మైక్.

డైనమిక్ మైక్‌కు ఉన్న పెద్ద లోపం కూడా ఇక్కడ మనకు కలిసొస్తుంది. దాని సంకేతం బలహీనం. ఎస్ఎం58 ఇచ్చేదానికి ఆడియో టెక్నికా ఏటీ2020 లాంటి కండెన్సర్ ఏడెనిమిది రెట్ల వోల్టేజీ ఇస్తుంది. మెల్లగా మాట్లాడేవాళ్లు చవక ఇంటర్‌ఫేస్‌లో దాన్ని పెంచబోతే బుస్సుమనే చప్పుడు వస్తుంది. గొంతెత్తి పాడేవాళ్లకు అంత పెంచాల్సిన అవసరమే రాదు. డప్పును కూడా ఇదే మైక్ చెక్కుచెదరకుండా పడుతుంది, విడిగా రికార్డు చేసుకుంటే మరీ మంచిది.

కండెన్సర్ అసలు వద్దని కాదు. జోలపాటకు, చావు దగ్గర అమ్మలు రాగం తీసి ఏడ్చే పాటకు, నలుగురు ఆడవాళ్లు ఒకే మైక్ చుట్టూ నిలబడి పాడే కోరస్‌కు అదే కావాలి. కానీ దాన్ని రాత్రి పదకొండు దాటాక ఖాళీ కమ్యూనిటీ హాల్‌కు తీసుకెళ్లండి, వంటింటికి కాదు.

చవక కండెన్సర్లు ఇన్ని దొరకడానికి కారణమైన మనిషి గురించి కూడా చెప్పాలి. జేమ్స్ వెస్ట్ 1931లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టిన నల్లజాతి శాస్త్రవేత్త. భౌతికశాస్త్రం చదువుతానంటే తండ్రి వద్దన్నాడు, డాక్టరేట్లు చేసి కూడా పోస్టాఫీసుల్లో పని చేసుకుంటున్న నల్లవాళ్లను చూపించాడు. వెస్ట్ వినలేదు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్‌తో కలిసి ఎలక్ట్రెట్ మైక్రోఫోన్ తయారుచేశాడు. విద్యుదావేశాన్ని పొరలోనే శాశ్వతంగా నిలిపి ఉంచే పద్ధతి అది. ఆ తర్వాత టేప్ రికార్డర్లలో, టెలిఫోన్లలో, కాలర్ మైక్‌లలో కోట్ల కొద్దీ చేరింది అదే. విశ్వవిద్యాలయాల్లో మనవాళ్లు వినే మాటలు తెలిసినవాళ్లకు ఆ తండ్రి భయం కొత్తగా అనిపించదు.

కొనడానికి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఎక్స్ఎల్ఆర్ కేబుల్, స్టాండ్, గాలిని ఆపే ఫోమ్ టోపీ ఒక్క తిరుగుడులో దొరుకుతాయి. మైక్ మాత్రం బిల్లు, వారంటీ ఉన్నచోటే తీసుకోండి. ఎస్ఎం58కు ప్రపంచమంతా నకిలీలు ఉన్నాయి, పెట్టె, స్టిక్కర్ అన్నీ అచ్చం అలాగే ఉంటాయి. అసలుదాని బరువు 298 గ్రాములు, కిరాణా కొట్టు త్రాసు మీద కూడా చూడొచ్చు. బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, బాగా తక్కువ ఉంటే మాత్రం అక్కడే వదిలేయండి. జుమ్మేరాత్ బజార్‌లో పాతది దొరికితే పాడి చూడకుండా డబ్బివ్వకండి. మైక్‌తో పాటు ఇంటర్‌ఫేస్‌కూ డబ్బు ఉంచుకోవాలి. అంత లేకపోతే యూఎస్‌బీ, ఎక్స్ఎల్ఆర్ రెండూ ఉన్న డైనమిక్ మైక్ తీసుకుని ఇప్పటికి ఫోన్‌కే తగిలించండి.

సొంత మైక్‌కు చట్టంలో కూడా విలువ ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కు ‘కర్త’ గాయకుడు కాదు, నిర్మాత. అంటే రికార్డింగ్‌కు చొరవ తీసుకుని, బాధ్యత వహించిన వ్యక్తి. ప్రచురించాక 60 ఏళ్ల పాటు ఆ హక్కు వాళ్లదే. సాహిత్యం, బాణీ హక్కులు విడిగా ఉంటాయి, 2012 సవరణ రాయల్టీలో రచయిత వాటాకు రక్షణ ఇచ్చింది. కానీ ‘స్టూడియో ఖర్చు మాది, మా ఛానల్‌లో పెడతాం’ అన్నవాళ్ల దగ్గర పాడితే ఆ రికార్డింగ్ మామూలుగా వాళ్లదవుతుంది. మీ గదిలో, మీ పూనికతో, మీ మైక్‌లో పాడినదానికి నిర్మాత మీరే. ఫైల్‌ను తేదీతో సహా దాచుకోండి, కోరస్ పాడినవాళ్ల పేర్లు, డప్పు కొట్టిన అన్న పేరు కూడా అందులో రాసి పెట్టండి.