సౌమ్య గుగులోత్

ఫుట్‌బాల్ ఆటలో ఒక్కొక్క పక్షమున పదకొండుమంది ఆడుదురు. గోలును కాపాడువారు ఒకరు. వెనుకవరుసవారు ప్రత్యర్థుల నడ్డగింతురు. నడిమివరుసవారు బంతిని సంపాదించి ముందునకు పంపుదురు. ముందువరుసవారు దానిని ప్రత్యర్థుల గోలులోనికి తన్నుదురు. వీరినే ఫార్వర్డులందురు. భారత మహిళల జట్టులో ఈ స్థానమున ఆడి పేరుగాంచిన యువతి సౌమ్య గుగులోత్.

ఆమె 2001వ సంవత్సరమున నిజామాబాదు జిల్లాలో జన్మించెను. లంబాడీలు నివసించు ఒక తండా ఆమె స్వగ్రామము. బాల్యమున ఆమె మొదట పాల్గొన్నది పరుగుపందెములలో. ఆమె వేగమును గమనించిన శిక్షకుడు ఆమెను ఫుట్‌బాల్ వైపు మరలించెను.

పరుగుపందెమున అందరికంటె ముందుండుటయే గెలుపు. ఫుట్‌బాల్‌లో అట్లు కాదు. తన పక్షమువారు బంతిని తన్నిన క్షణమున, ఫార్వర్డు బంతికంటెను, ప్రత్యర్థులలో చివరినుండి రెండవవారికంటెను గోలునకు చేరువగా నుండి ఆటలో జోక్యము కలిగించుకొన్నచో, అది తప్పగును. దీనిని ఆఫ్‌సైడ్ అందురు. ఈ నియమము ప్రత్యర్థుల అర్ధభాగమున వర్తించును. కావున ఫార్వర్డునకు కాళ్ళ వేగము మాత్రము చాలదు. ఎప్పుడు ఆగవలెనో, ఎప్పుడు కదలవలెనో తెలిసియుండవలెను. పరుగు నేర్చిన బాలిక ఇక్కడ ఓపిక నేర్వవలసియుండును.

ఫుట్‌బాల్ తెలంగాణమునకు క్రొత్త గాదు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత పురుషుల జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకములను గెలిచి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును పొందెను. కాని ఆ కీర్తిమార్గము నాడు స్త్రీలకు తెరచియుండలేదు. ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లయిన ఇంగ్లండులోనే 1921లో ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘము తన సభ్యుల మైదానములలో స్త్రీలు ఆడరాదని నిషేధించెను. ఆ నిషేధము సుమారు అర్ధశతాబ్దము నిలిచెను. స్త్రీల తొలి ప్రపంచకప్పు పోటీ 1991లో గాని చైనాలో జరుగలేదు.

ఇట్లు ఆలస్యముగా తెరచుకొన్న మార్గమున సౌమ్య నడచెను. గోకులం కేరళ జట్టులో ఆడి, 2022లో జ్యోతి చౌహాన్‌తో కలసి క్రొయేషియా దేశములోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టున చేరెను. భారతీయ క్రీడాకారిణులు ఐరోపా జట్లలో ఆడుట నాటికి అరుదు. తిరిగివచ్చిన పిమ్మట ఆమె ఈస్ట్ బెంగాల్ జట్టున చేరెను. 2025 ఏప్రిల్‌లో ఆ జట్టు ఒడిశా జట్టును 1-0తో ఓడించి, భారత మహిళల లీగ్ విజేతగా నిలిచెను. ఆ ఒక్క గోలు సౌమ్య చేసినదే. ఆ సంవత్సరమే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా గౌరవించెను. 2025 జులైలో భారత మహిళల జట్టు థాయిలాండును 2-1తో గెలిచి, 2026 ఆసియా కప్పునకు అర్హత సంపాదించెను. అర్హతపోటీలలో ఆడి గెలిచి ఆ స్థానము పొందుట మన మహిళలకు అదే తొలిసారి.

గోలు చేసినవారి పేరు అందరికిని తెలియును. బంతిని అందించినవారి పేరు పలువురకు తెలియదు. సౌమ్య విషయమునను అంతే. ఆమె వేగమును గుర్తించి, బంతిని పాదములచెంత నుంచినవారు లేకున్నచో, ఆ వేగము తండా బాటలలోనే ముగిసియుండెడిది. తిరువూరు వంటి ఊళ్ళలోని పాఠశాలలలో గూడ వేగముగా పరుగెత్తు బాలికలు కలరు. వారిని గమనించు కన్నులును, ఆడుకొనుటకు మైదానమును వారికి కావలెను.