వేలంలో దోనాలి, అటక మీద దోనాలి

మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినవారము మనము. మనకు తుపాకుల వేలంతో ఏమి పని అని పాఠకులు నవ్వవచ్చు. మేమూ మొదట నవ్వినవారమే. కాని ఆమధ్య దాజీ పేటలో ఒక పెద్దాయన మమ్మల్ని పిలిపించారు. చాలాకాలం చాదర్ల కార్ఖానా నడిపి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నవారు. మనుమడి ఫోనులో ఒక బొమ్మ చూపించి, “చూడు నాయనా, లండన్‌లో వేలానికి వచ్చింది. మా తాత దగ్గర ఇట్లాంటి దోనాలి బందూకే ఉండేది. దీన్ని కొని గోడకు తగిలిస్తే ఎట్లుంటది?” అన్నారు.

అందంగానే ఉన్నది. రెండు గొట్టాలు పక్కపక్కన, వెనుక రెండు సుత్తులు, గొట్టాల నిండా అలలు అలలుగా చారలు. ఆ చారలు చూసి పెద్దాయన, “ఇది నేతపనిలాగే ఉన్నదే!” అన్నారు. ఆ మాట తప్పు కాదు. ఇనుప, ఉక్కు పట్టీలను కలిపి మెలిపెట్టి, ఒక కడ్డీచుట్టూ చుట్టి, కాల్చి సుత్తితో అతుకుతారు. పడుగూ పేకా కలిసినట్టు రెండు లోహాలు కలిసి ఆ చారలు తేలుతాయి. దీనికి డమాస్కస్ గొట్టమని పేరు. అసలు డమాస్కస్ కత్తుల పేరు మోసిన ఉక్కు మన తెలంగాణానిదే. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. యూరపు గొట్టాలు ఆ ఉక్కుతో చేసినవి కావు. పేరు మాత్రము అరువు తెచ్చుకున్నవి.

ఇట్టివి కొనేవారు మొదట చూచేది పరీక్ష ముద్రలు. బర్మింగ్‌హామ్‌లో 1813లో ఏర్పడిన పరీక్షాశాల, దానికన్న పాతదైన లండన్ పరీక్షాశాల, గొట్టంలో ఎక్కువ మందు కూరి పేల్చి, తట్టుకొంటేనే ముద్ర వేస్తాయి. నల్లమందుకు మాత్రమే పరీక్షించిన పాత గొట్టంలో నేటి పొగరాని మందు తూటా వేస్తే గొట్టం పగిలి చేయి పోవచ్చును. గొట్టాలను విడదీసి, వ్రేలాడదీసి, వ్రేలితో తట్టితే గంటలా మోగాలి. బొంగురుగా మోగితే నడుమ అతుకు వదిలినట్టు. ఇక పన్నెండు బోరు అంటే పన్నెండు అంగుళాలని కొందరి భ్రమ. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు పట్టేంత గొట్టమని అర్థం.

ధర సంగతి మరొకటి. సుత్తి దెబ్బ పడిన ధరతో సరిపోదు. దానిపై వేలందారుల రుసుము, పన్నులు ఉంటాయి. వస్తువుకన్న దాని కథకే వెల ఎక్కువ. 2015లో లండన్ వేలంలో టిప్పు సుల్తాను సొంత ఆయుధశాలలోని వేట తుపాకి ఒకటి 7 లక్షల పౌండ్లకు పైగా పలికింది.

“ఇదంతా సరే, ఇంటికెట్లా తెచ్చేది?” అన్నారు పెద్దాయన. చిక్కంతా అక్కడే ఉన్నది. 1878 నాటి తెల్లవారి చట్టం మనవారిని లైసెన్సు అడిగి, యూరోపియన్లను విడిచిపెట్టింది. ఆ చట్టం పోయి 1959 ఆయుధ చట్టం వచ్చి, 1962 నుండి అమలైంది. దాని ప్రకారం విదేశంనుండి తుపాకి తేవాలంటే అందుకు వేరే లైసెన్సు కావాలి. ఇంట ఉంచుకొనుటకు మరొక లైసెన్సు కావాలి. 2019 సవరణతో ఒక మనిషికి రెండుకన్న ఎక్కువ తుపాకులు కూడవు. పురాతనమైనదైతే చాలదు, మరమ్మతు చేసినా పేలనిదై ఉంటేనే లైసెన్సు అక్కరలేదు.

ఇంతలో వంటింట్లోనుండి అత్తమ్మగారు వచ్చి, “లండన్‌ది ఎందుకు? మీ తాతది అటక మీద గోనెసంచిలో ఉన్నదిగదా!” అన్నారు. పెద్దాయన ముఖం పాలిపోయింది. అది ఎప్పుడో పోయిందనుకున్నారట. తాత పోయిన తరువాత తండ్రి పేరిట లైసెన్సు. తండ్రి పోయిన తరువాత ఎవరి పేరిటా లేదు. లైసెన్సు లేని తుపాకి ఇంట దొరికితే రెండేండ్లకు తక్కువ కాకుండా ఐదేండ్లదాకా జైలు. ముప్ఫై ఏండ్లుగా ఆ అటక కిందనే మనుమలు ఆడుకున్నారు.

దారి లేకపోలేదు. చట్టమే చెబుతున్నది: వారసులు ఆలస్యం చేయక దగ్గరి ఠాణాలోగాని, లైసెన్సున్న దుకాణదారువద్దగాని దానిని అప్పగించాలి. తరువాత గడువులోగా తమ పేరిట లైసెన్సు పొంది తిరిగి తెచ్చుకోవచ్చు, లేదా అర్హునికి అమ్ముకోవచ్చు. వకీలును వెంటబెట్టుకొని పెద్దాయన మరునాడే వెళ్ళి అప్పగించి, రశీదు తెచ్చుకున్నారు. లైసెన్సుకు దరఖాస్తు పెట్టమని కొడుకు అన్నాడు. ఆయన వద్దన్నారు.

మేము కారణమడిగితే ఇట్లన్నారు: “తాత ఆ బందూకుతో నాన్నజ్ మైదానాలకు పోయేవాడు నాయనా. అక్కడి మాళ్‌ఢోక్ పిట్టలను కొట్టి తెచ్చేవాడు. ఇప్పుడు ఆ పిట్టే కనబడదు.” 1972 వన్యప్రాణి చట్టం ఆ వేటను ఆపింది. 1979లో నాన్నజ్‌లో బట్టమేక పిట్టకు అభయారణ్యం ఏర్పడింది. అప్పటికే ఆలస్యమైంది కాబోలు.

లండన్ వేలం ఎవరికి కొట్టివేశారో మేము కనుక్కోలేదు. పెద్దాయన గోడమీద ఇప్పుడు తాత చేతి నాడె ఒకటి వ్రేలాడుతున్నది. దానికి లైసెన్సు అక్కరలేదు. పాత ఇళ్ళున్న సోదరులందరూ పండుగకు ముందు ఒకసారి అటకలు దులిపి చూచుకొనవలెనని మా మనవి.