మొక్కజొన్నలో కత్తెర పురుగు: ముందే పసిగట్టేది ఎలా? ఎవరిని అడగాలి?

హిందూపురం, పెనుకొండ వైపు ఊళ్లో మీ నాన్నో బాబాయో మొక్కజొన్న వేశారా? అయితే మొలకలు వచ్చిన వారం నుంచే ఫోన్‌లో ఒక మాట అడగండి: ‘సుడిలో చూశారా?’ ధర్మవరం వైపు వేరుశనగే ఎక్కువ. అయినా బోరు కింద మొక్కజొన్న వేసినవారికీ ఇదే వర్తిస్తుంది.

కత్తెర పురుగు అమెరికా ఖండాలది. ఆఫ్రికా మీదుగా వచ్చి, 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గలో మన దేశంలో తొలిసారి కనిపించింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌కూ పాకింది. దీని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల దాకా ఎగరగలదు. అంటే దాదాపు బెంగళూరు నుంచి హిందూపురానికి. రాష్ట్ర సరిహద్దు దానికో లెక్కా?

అందుకే నిఘా. ఎకరాకు 5 లింగాకర్షక బుట్టలు పెడతారు. వాటిలోని ఎర వాసనకు మగ పురుగులు వచ్చి పడతాయి. ఒక్కో బుట్టలో రోజుకు ఒకటి పడుతోందంటే చేలో గుడ్లు మొదలైనట్లే అనుకోవాలి. బుట్ట హెచ్చరిక మాత్రమే, అదే మందు అనుకుంటే పొరపాటు. చేలో ఐదు చోట్ల 20 మొక్కల చొప్పున చూడాలి. ఆకులపై పొర గీకినట్లు తెల్ల మచ్చలు, తర్వాత చిల్లులు, సుడిలో రంపపు పొట్టులాంటి రెట్ట కనిపిస్తాయి. లేత పైరులో నూటికి 5 మొక్కలు ఇలా ఉంటే 5 శాతం వేప గింజల కషాయం సుడి తడిసేలా కొట్టాలి. పైరు ఎదిగాక 10 మొక్కలు దాటితేనే రసాయన మందు. అదీ వ్యవసాయ సిబ్బంది చెప్పింది, చెప్పిన మోతాదులోనే. ‘పక్కాయన కొట్టాడు, షాపాయన ఇచ్చాడు’ అని కొట్టే మందుకు ఖర్చు తప్ప ఫలితం ఉండదనే చెప్పాలి.

సలహాకు మొదట వెళ్లాల్సింది ఊళ్లోని రైతు సేవా కేంద్రానికి. ఒకప్పటి రైతు భరోసా కేంద్రమే ఇది. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551కు ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు, ఉచితం. కేంద్రం 2024 ఆగస్టు 15న ప్రారంభించిన జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ యాప్‌లో పురుగు ఫొటో పెడితే కృత్రిమ మేధ గుర్తుపడుతుంది.

ఫొటో దూరం నుంచి తీస్తే లాభం లేదు. పురుగు తలపై తలకిందులైన ‘వై’ ఆకారం, తోక దగ్గర చతురస్రంలా నాలుగు నల్ల చుక్కలు స్పష్టంగా పడాలి. పగటి ఎండకు పురుగు సుడి లోపలికి దూరిపోతుంది, కాబట్టి తెల్లవారుజామునో సాయంత్రమో వెళ్లి తీయమనండి.