కరెంటు కారు కొన్నవారికి ఛార్జింగు సరంజామా సంగతి

మన అడవిపొలంలో ఇప్పుడు కొత్త కారు వచ్చిన ఇంటికి చూడవచ్చినవాళ్లు "మైలేజి ఎంతండీ?" అని అడగడం తగ్గింది. "ఎక్కడ గుచ్చుతారండీ?" అని అడుగుతున్నారు. సరయిన ప్రశ్నే. పెట్రోలు కారు కొన్నాయన బంకు ఎక్కడున్నదో తెలుసుకుంటే చాలును. కరెంటు కారు కొన్నాయన తన ఇంటి గోడకే బంకు తగిలించుకోవాలి. ఆ తగిలించుకునేది ఎటువంటిదై ఉండాలి, ప్రయాణంలో వెంట ఏమి పెట్టుకోవాలి అని మన సభ్యులు పలువురు అడుగుతున్నందున, మేము నాలుగైదు ఇళ్లకు వెళ్లి చూసి, పని తెలిసినవారిని విచారించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ బండి నిన్న మొన్న పుట్టిందనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. నిజానికి దీనికీ మనకూ దూరపు చుట్టరికం ఒకటి ఉన్నది. 1954 దాకా మనలను ఏలిన ఫ్రెంచివారి దేశంలోనే గాస్తోన్ ప్లాంతే అనే ఆయన 1859లో మళ్లీ మళ్లీ నింపుకోగల సీసపు బ్యాటరీని తయారు చేశాడు. 1881లో గుస్తావ్ త్రూవే పారిస్‌లో మూడు చక్రాల కరెంటు బండిని నడిపి చూపించాడు. 1899లో పారిస్ దగ్గర గంటకు నూరు కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటిన కారు కూడా కరెంటుదే; నడిపినవాడు జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు. తరువాత పెట్రోలు చవకై, ఈ బండి వెనుకబడింది. మన దేశంలో 2001లో బెంగుళూరు నుంచి వచ్చిన రేవా అనే చిన్న కారు కొందరికి జ్ఞాపకం ఉండవచ్చు. అది మామూలు పదిహేను ఆంపియర్ల ప్లగ్గుతోనే బ్యాటరీ నింపుకునేది. 2020లో నెక్సాన్, 2022లో టియాగో వచ్చిన తరువాత గాని మన వీధుల్లో ఇవి కంటబడలేదు.

ఇక అసలు సంగతి. గోడకు తగిలించే పెట్టెను అందరూ ఛార్జరు అంటారు గాని, ఛార్జరనేది కారు లోపలే ఉంటుంది. మన ఇంటికి వచ్చేది 230 వోల్టుల ఏ.సి. కరెంటు. బ్యాటరీ పుచ్చుకునేది డి.సి. ఒకదానిని రెండవదిగా మార్చే యంత్రాన్ని కారులోనే బిగించి ఇస్తారు. గోడమీద పెట్టె కాపలావాడి వంటిది. తీగ సరిగా తగిలినదా, ఎర్తు ఉన్నదా అని చూసుకుని, "ఇన్ని ఆంపియర్ల దాకా లాక్కోవచ్చు" అని కారుకు సంజ్ఞ ఇస్తుంది. ఆ తరువాతనే కరెంటు వదులుతుంది. కారు తన శక్తి కొద్దీ లాక్కుంటుంది. ఇది తెలియకనే డబ్బు వృథా అవుతున్నది. కారులోని యంత్రం 3.3 కిలోవాట్లదైతే, గోడకు 7.2 కిలోవాట్ల పెట్టె బిగించినా వచ్చేది 3.3 మాత్రమే. టియాగోవంటి కారును 3.3 తోనూ ఇస్తారు, 7.2 తోనూ ఇస్తారు. కనుక పెట్టె బేరం చేసేముందు కారు కాగితాలలో ఆ అంకె చూసుకోవాలి.

ఆ తరువాత చూసుకోవలసినది మన తిరుగుడు. అడవిపొలం నుంచి కాకినాడ పోయి రావడానికి సుమారు అరవై కిలోమీటర్లు. చిన్న కారు ఒక యూనిట్టుకు ఏడు కిలోమీటర్లు నడుస్తుందని వేసుకుంటే తొమ్మిది యూనిట్లు, మార్పిడిలో పోయేది కలుపుకుంటే పది. కారుతో పాటు వచ్చే చేతిపెట్టె పది ఆంపియర్లదైతే గంటకు 2.3 యూనిట్లు ఇస్తుంది. అంటే నాలుగున్నర గంటలలో పని అయిపోతుంది. రాత్రి భోజనాలయి పడుకునే ముందు గుచ్చితే కోడి కూసేలోపు నిండి ఉంటుంది. రోజూ కాకినాడ ఆఫీసుకు పోయి వచ్చేవారికి ఇంతకు మించి ఎందుకని మా అభిప్రాయం. వారానికొకసారి ద్రాక్షారామం వెళ్లి దర్శనం చేసుకు వచ్చేవారికి మరీ చాలును. బ్యాటరీ పెద్దదై, తరచు విశాఖపట్టణమో బెజవాడో పోయి రాత్రి వచ్చి తెల్లవారుజామున మళ్లీ బయలుదేరేవారికి, అద్దెకు తిప్పేవారికి 7.2 పెట్టె అవసరమే. ఇతరులు ఆ డబ్బును ఇంటి వైరింగు మీద పెట్టడం మేలు.

వైరింగు అన్నాము గదా, అక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మెట్టకూరులో ఒక పెద్దాయన ఇంట సావిట్లో నీళ్ల మోటారు కోసం ఏనాడో బిగించిన పదహారు ఆంపియర్ల సాకెట్టుకే కారు తగిలించారు. ఆయన కొడుకు విదేశంలో ఉంటాడు. తండ్రి ఆసుపత్రికి వెళ్లి రావడానికని కారు కొని ఇచ్చాడు. మొదటి వారం ఏమీ కాలేదు. రెండవ వారం ఒక అర్ధరాత్రి ఇంటావిడకు కమురు వాసన తగిలి లేచి చూస్తే సాకెట్టు ముఖం నల్లబడి, ప్లగ్గు ఒక కాలు కరిగిన ప్లాస్టిక్కులో అంటుకుని ఉన్నది. పక్కనే కొబ్బరి డొక్కల పోగు. "ఆయ్, మోటారు ఇరవై ఏళ్లు దానిమీదే నడిచిందండీ, ఏనాడూ ఇలా కాలేదండీ" అన్నది ఆవిడ మాతో. నిజమే. మోటారు అరగంట నడుస్తుంది, నీళ్లు కాచే గీజరు పావుగంట. కారు ఎనిమిది గంటలు, పది గంటలు ఏకధాటిగా లాగుతుంది. వదులైన స్క్రూ ఒకటి, తుప్పుపట్టిన పిన్ను ఒకటి ఉంటే అరగంటలో వెచ్చబడి చల్లారేది, పది గంటలలో కాలి ఊరుకుంటుంది. మన గోదావరి ఒడ్డున ఉప్పుగాలికి ఇత్తడి పిన్నులు పచ్చబడటం అందరూ చూసినదే.

అందుచేత కారుకు మీటరు దగ్గరనుంచి వేరే లైను వేయించాలి. దానిమీద మరొక దీపం గాని ఫ్యాను గాని ఉండరాదు. పదహారు ఆంపియర్లకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ముప్పై రెండు ఆంపియర్లకు ఆరు. మీటరు వీధి వాకిట ఉండి కారు పెరటిలో ఉంటే అంతకంటె లావు. పాత ఇళ్లలోని అల్యూమినియం తీగకు అతుకు వేసి లాగడం వద్దు. లైను మొదట ఎం.సి.బి. ఒకటి, లీకయిన కరెంటును పసిగట్టి 30 మిల్లీఆంపియర్ల దగ్గర తెంపివేసే ఆర్.సి.సి.బి. ఒకటి ఉండాలి. ఈ రెండవదానిలో ఒక కిటుకున్నది. బజారులో చవకగా దొరికేది 'ఏ.సి.' రకం. కారునుంచి ఒక్కొక్కప్పుడు డి.సి. లీకు వస్తుంది, అది ఆ రకానికి కనబడదు. పైపెచ్చు దానిని మొద్దుబార్చివేస్తుంది. 'ఏ' రకం అడిగి పుచ్చుకోవాలి; పెట్టెలో 6 మిల్లీఆంపియర్ల డి.సి. లీకును పట్టే ఏర్పాటున్నదో లేదో కూడా అడగాలి. అమ్మేవాడు సమాధానం చెప్పలేకపోతే మరొక దుకాణానికి పోవచ్చు. గోడపెట్టె మీద మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 17017 అని ఉన్నదా, వర్షపు నీటికి ఆగే ఐ.పి. 65 వంటి గుర్తున్నదా అన్నవీ చూడాలి.

ఎర్తు విషయంలో మన నేలది విచిత్రమైన గుణం. నాలుగడుగులు తవ్వితే చెమ్మ తగులుతుంది కనుక ఎర్తు సులువుగా దొరుకుతుంది. ఆ చెమ్మలోని ఉప్పే గొట్టాన్ని కొన్నేళ్లలో తినివేస్తుంది. పైన చూస్తే తీగ భద్రంగానే ఉంటుంది, కింద గొట్టం ఉండదు. మంచి పెట్టె అయితే ఎర్తు లేదని ఎర్రదీపం చూపి కరెంటు వదలదు. అప్పుడు కొందరు పనివాళ్లు న్యూట్రల్ తీగను ఎర్తు పిన్నుకు కలిపి దీపాన్ని పచ్చగా చేసి పోతున్నారు. ఇది ప్రాణాంతకం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కారు ఒళ్లంతా కరెంటే. తలుపు పట్టుకున్న పిల్లవాడి గతి చెప్పనక్కరలేదు. కొత్త ఎర్తు గొయ్యి తీయించి, ఏటా వానలకు ముందు మీటరు పెట్టి కొలిపించుకోవాలి.

లోడు పెంచమని విద్యుత్తు శాఖకు అర్జీ పెట్టుకోవడం మరచిపోకూడదు. మనది పుదుచ్చేరి ప్రభుత్వ విద్యుత్తు శాఖ. ధరలు నిర్ణయించేది గోవాకూ కేంద్రపాలిత ప్రాంతాలకూ కలిపి ఉన్న ఉమ్మడి నియంత్రణ సంఘం. హద్దు దాటి తాళ్లరేవులోనో కాకినాడలోనో ఇల్లు ఉన్నవారు విశాఖపట్టణం కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కిందికి వస్తారు. అక్కడి ధర, అక్కడి ఫారము వేరు. అన్నదమ్ముల ఇళ్లు అటొకటి ఇటొకటి ఉన్నచోట ఒకరి లెక్క మరొకరికి పనికిరాదు. ఇంట్లో కారు నింపుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదని కేంద్ర విద్యుత్తు మంత్రిత్వశాఖ 2018 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలలోనే ఉన్నది.

పెట్టె ఎంత ఎత్తున బిగించాలన్నది ఏ కంపెనీ పుస్తకంలోనూ మనకు సరిపడేటట్టు ఉండదు. మన ఇళ్లలో 1986 ఆగస్టు వరద గీత ఇంకా కొందరు గోడమీద చూపిస్తారు. ఆ ఏడు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది; యానాం వీధులలో నీళ్లు నిలబడటం మనమందరమూ చూశాము. కాబట్టి పెట్టె, సాకెట్టు, ఎం.సి.బి. యావత్తూ ఆ గీతకు పైన ఉండాలి. చేయి అందకపోతే చిన్న పీట వేసుకుంటే సరి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. అక్కడి నీరు మనదాకా రావడానికి వ్యవధి ఉంటుంది. రెండవ హెచ్చరిక వినగానే కారును నిండా నింపి మెరకకు చేర్చడం మంచిది, ఎందుకంటే నీళ్లు వచ్చాక మొట్టమొదట తీసేసేది కరెంటునే. మునిగిన పెట్టెను ఎండబెట్టి వాడదామన్న ఆలోచన వద్దు. మునిగిన కారును కంపెనీవారు వచ్చి చూసేదాకా తగిలించనే వద్దు.

ప్రయాణపు సరంజామా తేలికే. కారుతో ఇచ్చిన చేతిపెట్టె వెంట ఉండాలి. ఆంపియర్లు తగ్గించుకునే మీట ఉన్నదైతే మరీ మంచిది. అమలాపురంలో వియ్యాలవారింటి వైరింగు ఎటువంటిదో మనకు తెలియదు గదా! అక్కడ ఆరు లేక ఎనిమిది ఆంపియర్లకు తగ్గించి తెల్లవార్లూ పెట్టుకోవచ్చు. పదహారు ఆంపియర్ల ప్లగ్గును ఆరు ఆంపియర్ల చిన్న సాకెట్టులో దూర్చే అడాప్టరు సంచీలో ఉంటే ఇప్పుడే తీసి పారెయ్యండి. పొడుగు తీగల పెట్టెలూ అంతే. తప్పనిసరి అయితే లావు తీగది, చుట్ట పూర్తిగా విప్పి వాడాలి. చుట్టలో వేడి బయటికి పోక కరుగుతుంది. గుచ్చిన అరగంటకు ప్లగ్గుమీద చేయివేసి చూడండి, చురుక్కుమంటే తీసెయ్యండి.

చుట్టపు చూపుగా వెళ్లినచోట అడగకుండా గుచ్చడం మర్యాద కాదని వేరే చెప్పాలా? ఒక రాత్రిలో పదిహేను ఇరవై యూనిట్లు పోతాయి. డబ్బిస్తామంటే వాళ్లు నొచ్చుకుంటారు, ఇవ్వకపోతే మనకు మొహమాటం. మాకు తెలిసిన ఒకావిడ ప్రతిసారీ ఒక గెల అరటిపళ్లు కారులో వేసుకుపోతుంది.

హోటళ్ల దగ్గర, దుకాణాల దగ్గర ఉండే ఏ.సి. స్తంభాలు కొన్నింటికి తీగ ఉండదు. రెండువైపులా టైప్ 2 మూతి ఉన్న తీగ మనమే పట్టుకుపోవాలి. అటువంటి చోట్ల ఆగే అలవాటు లేనివారికి దాని ఖర్చు దండుగ. జాతీయ రహదారి మీద ఉండే వేగపు డి.సి. స్టేషన్లలో తీగ స్టేషనుదే, సి.సి.ఎస్. 2 మూతి. అది కారులోని చిన్న యంత్రాన్ని తప్పించి సూటిగా బ్యాటరీకే పోస్తుంది కనుక గంటలోపు ఎనభై వంతులు నిండుతుంది. ఆ పై ఇరవై వంతులు నత్తనడక. వాటికోసం కూర్చోక బయలుదేరడం మేలు. మన 216వ రహదారి కత్తిపూడి దగ్గర 16వ రహదారిలో కలుస్తుంది. అన్నవరం, విశాఖ పోయేవారు అటు పోతారు. ప్రభుత్వపు పనిమీద పుదుచ్చేరి దాకా కారులోనే పోదామనుకునేవారికి ఎనిమిది వందల కిలోమీటర్లు దాటిన ప్రయాణం. దారిలో నాలుగైదు మజిలీలు ముందే అనుకోవాలి. ఒక్కొక్క స్టేషనుకు ఒక్కొక్క ఫోను యాప్ కనుక, వాటిలో డబ్బు వేసుకుని ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి. ఒక స్టేషను చెడిపోయి ఉంటే మరొకదానికి చేరేటంత నిల్వ, అంటే ఇరవై వంతులకు తగ్గకుండా చూసుకోవాలి.

స్కూటరు పెట్టెతో కారు నింపవచ్చునా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. స్కూటరుతో ఇచ్చే పెట్టెలు చాలావరకు అవే డి.సి.గా మార్చి పంపేవి; వోల్టులు వేరు, మూతి వేరు, కారుకు పనికిరావు. ఇంట్లో రెండూ ఉంటే రెండింటికీ వేర్వేరు సాకెట్లు వేయించి, రాత్రి ఒకదాని తరువాత ఒకటి పెట్టుకుంటే లోడు పెంచమని మళ్లీ అర్జీ పెట్టనక్కరలేదు.