నిద్ర యొక పదార్థమా?



కార్తికమాసమున కారెంపూడి వీరుల తిరునాళ్ళలో రాత్రి యెల్ల మేలుకొని వీరగాథను వినిన గురజాల, మాచెర్ల ప్రాంతముల పెద్దలకు మరునాఁటి మధ్యాహ్నపు అవస్థ తెలియనిది కాదు. ఎంతవానికైనను రెప్పలు వాలును. మేలుకొనిన కొలఁది దేహమున నేదో యొక ద్రవ్యము పేరుకొని మనలను నిద్రకుఁ ద్రోయుచున్నదా?

1909లో జపానున ఇషిమోరి యను శాస్త్రజ్ఞుఁడును, తరువాత ఫ్రాన్సున పియెరాన్ అను నతఁడును కుక్కలను దినముల తరబడి నిద్రపోనీయక, వాని మెదడునుండి తీసిన సారమును ఇతర కుక్కల కెక్కించిరి. అవియు నిద్రించినవి. ఆ మూగజీవుల బాధను దలఁచిన మనసు కలుక్కుమనును. ఇంత చేసినను ద్రవ్యమేదో చిక్కలేదు.

పిమ్మట స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున మోనియే, షోనెన్‌బెర్గర్ అను వారు కుందేళ్ళను జేపట్టిరి. కుందేలి మెదడు నడుమనున్న థాలమస్ అను భాగమును విద్యుత్తుతో మెల్లగా ప్రేరేపించి నిద్రపుచ్చి, మెదడునుండి మరలివచ్చు నెత్తురును సన్నని పొరగుండ వడగట్టిరి. చిన్న యణువులు పొరను దాటును, పెద్దవి నిలిచిపోవును. దాటివచ్చిన దానిని శుద్ధిచేసి వేరొక కుందేలి మెదడున కెక్కింపఁగా డెల్టా తరంగములు హెచ్చినవి. ఇవి గాఢనిద్రలో సెకనునకు నాలుగింటికి మించక లేచు విద్యుత్తరంగములు. 1977లో ఆ ద్రవ్యము యొక్క కూర్పు వెల్లడియైనది. తొమ్మిది ఆమినో ఆమ్లములు వరుసగా గ్రుచ్చిన చిన్న గొలుసు అది. అట్టి గొలుసునకు పెప్టైడని పేరు. డెల్టా నిద్రను గలిగించునది గనుక దానికి ఆ పేరే పెట్టిరి.

పేరు తొందరపడి పెట్టిరేమో! ఇతర ప్రయోగశాలలలో కొన్నిటఁ దానివలన నిద్ర హెచ్చినది, కొన్నిట హెచ్చలేదు. దానిని దేహమున నిర్మించు జన్యువు ఇంతవరకును స్పష్టముగా దొరకలేదు. వయసు మీఱిన కొలఁది గాఢనిద్ర తగ్గుట సహజము. ఆ లోటును దీర్చు మందని యీ పెప్టైడును అమ్మజూపువారు కలరు. నమ్ముటకుఁ దగిన యాధారము చాలదు.

అంతకంటె గట్టి నిదర్శనముగల ద్రవ్యము వేరొకటి కలదు. అది పెప్టైడు కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కేతోఁ గూడి, 1929లో హార్వర్డునందు ఏ.టి.పి. యను పదార్థమును గనుగొనిరి. జీవకణములకు శక్తి నిచ్చునది యదియే. అది ఖర్చయి విఱిగిన పిదప మిగులువానిలో అడినోసిన్ ఒకటి. మేలుకొనియున్నంత సేపు అది మెదడు ముందుభాగపు అడుగునఁ బేరుకొనుననియు, నిద్రించినచోఁ దగ్గుననియు 1997లో పిల్లులయందు నిరూపించిరి. కాఫీ, తేనీరులలోని కెఫీను మెదడున అడినోసిన్ కూర్చుండవలసిన చోటును దా నాక్రమించుకొనును. మత్తు తెలియకుండుట అందువలననే. దేహములోని కెఫీను సగమగుటకు సుమారు అయిదు గంటలు పట్టును గనుక, సాయంకాలము ఆఱింటికిఁ ద్రాగిన కాఫీలో సగము పాలు రాత్రి పదునొకండింటికిని దన పని చేయుచునే యుండును.